తల ఊపిన సాక్షి

ఆ సోమవారం పొద్దున సిద్ధిరాములు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి కోర్టులో "ఔను" అనాలి, పన్నెండింటికి పద్మనగర్‌లోని తన మగ్గాల షెడ్డుకు చేరాలి. ఎనిమిది నెలల కింద షెడ్డులోంచి ఒక నీలి బట్ట తాను మాయమైంది. మగ్గం నడిపే ఆగయ్య గదిలో పోలీసులకు ఒక నీలి తాను దొరికింది. అది తనదేనని చెబితే సిద్ధిరాములు పని అయిపోతుంది.

ఆగయ్య పని కూడా అయిపోతుంది. బెయిలు మీద ఉన్న అతణ్ణి దొంగ పేరుతో ఏ షెడ్డూ గడప తొక్కనివ్వడం లేదు. వడాపావ్ బండి దగ్గర ఉల్లిగడ్డలు తరుగుతూ, ఆ వంకన కాస్త ఏడ్చుకునేవాడట.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మరమగ్గాలు నడుస్తుంటే మనిషి మాట వినిపించదు. ఒక ఏడు షెడ్డులోకి వరద వస్తే, వీధంతా అరిచినా సిద్ధిరాములుకు మోకాళ్లు తడిశాకే తెలిసింది. అందుకే అక్కడ ఎవరేమన్నా తల ఊపేస్తారు. ఆయన నిద్రలో కూడా ఊపుతాడని భార్య గంగాబాయి చెబుతుంది.

కోర్టులో జడ్జిగారు ఆ నీలి తాను చూపించి, "ఇది మీదేనా?" అని అడిగారు. సిద్ధిరాములు తల ఊపాడు.

"తల ఊపితే రాసుకోలేం. చూసి, నోటితో చెప్పండి."

చూడమంటే నేతగాడు ఊరికే చూడడు. బట్ట పరిచి, అంచు లాగి, వెలుతురుకు పట్టి, మూర తర్వాత మూర వేలితో తడిమాడు. సర్కారు వకీలు రెండుసార్లు దగ్గాడు.

"ఇది నాది కాదు మేడం."

"పోలీసులకు మీదేనని చెప్పారు కదా?" అన్నాడు వకీలు.

"షెడ్డుకు తెచ్చి చూపిచ్చిన్రు. మగ్గాలు నడుస్తున్నయి. ఏమడిగిన్రో ఏమో, తల ఊపిన."

"గా బట్ట నార్పోలి బజార్ల కొన్న అని నేను గూడ మొత్తుకున్న సేట్," అన్నాడు బోనులోంచి ఆగయ్య. "గప్పుడు గూడ ఊపినవ్."

"మీది కాదని ఎలా చెప్పగలరు?" అని జడ్జిగారు అడిగారు.

సిద్ధిరాములు వెనక బల్లల వైపు తిరిగాడు. రెండో సాక్షిగా వచ్చి బల్ల మీద కూర్చున్నది ముఖేష్, తన బట్ట కొనే వ్యాపారి. ఆయన ముఖేష్‌ను చూశాడు. కత్తి గాట్లు పడ్డ ఆగయ్య వేళ్లను చూశాడు.

"మా నాలుగో మగ్గం ఖరాబుంది మేడం. మూరకొక మందం గీత పడ్తది. దీంట్ల లేదు."

"గా గీత డిజైన్ అన్నవు గదనే," అన్నాడు ముఖేష్.

జడ్జిగారు అతణ్ణి కూర్చోమని, "ఆ గీత ఎలా ఉంటుంది?" అన్నారు.

"గిట్ల," అంటూ సిద్ధిరాములు ఉత్సాహంగా భార్య కట్టిచ్చిన చంకలోని కాగితాల మూట విప్పి, మూటగుడ్డ ఎత్తి చూపాడు. నీలి గుడ్డ. మూరకొక గీత. చెయ్యి పైకెత్తినవాడు అలాగే ఉండిపోయాడు.

"ఆ గుడ్డ ఎక్కడిది?"

ఆయన వెనక్కి తిరిగాడు. వెనక బల్ల మీద కూర్చున్న గంగాబాయి లేచి నిలబడింది. "షెడ్డులదే మేడం. గీతలు మస్తున్నయి, ఎవ్వలు కొనరు, బొంతలకు తీస్కపోతున్న అని చెప్పినంక ఈయన తల ఊపిండు. పోలీసులు వచ్చిననాడు ఏం పోయిందయ్యా అని గూడ అడిగిన."

"ఏమన్నారు?"

"తల ఊపిండు."

జడ్జిగారు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చదివారు. ఆ తర్వాత సిద్ధిరాములుకు పెట్టిన చీవాట్లు మాత్రం ఒక్కటీ పొల్లుపోకుండా ఆయనకు వినిపించాయి. వారం తిరక్కుండా ఆగయ్య నిర్దోషి అని తీర్పు వచ్చింది.

మర్నాడు సిద్ధిరాములు పన్నెండు మగ్గాలూ ఆపించాడు. ఆ నిశ్శబ్దానికి వీధిలోవాళ్లు భయపడి పరుగెత్తుకొచ్చారు. "తప్పయింది ఆగయ్యా, పనిలకు రా," అని వాళ్లందరి ముందు నోటితోనే చెప్పాడు.

మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. ఆగయ్య దగ్గరికొచ్చి, తనను షెడ్డుకు మేస్త్రీని చేయమని అడిగాడు. సిద్ధిరాములు తల ఊపాడు.

ఆగయ్య ఇద్దరు సాక్షులను వెంట తెచ్చుకున్నాడు.