నాలాకి తనిఖీ

ఆ రోజు పొద్దున్న పైడిరాజు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఐదున్నరకి లేవడం, పాలు తేవడం, తొమ్మిదింటికి కూతురు తనూజతో వచ్చే ప్రొఫెసరు మేడమ్‌కి ఇంత ఉప్మా, ఓ కప్పు టీ ఇచ్చి పంపడం. ముప్ఫయ్యేడేళ్ళు రైల్వే డీజిల్ షెడ్డులో పంపులు విప్పి బిగించిన మనిషికి అంతకన్నా పెద్ద ప్లాన్ల మీద నమ్మకం లేదు.

తనూజ యూనివర్సిటీలో ఐదేళ్ళుగా పరిశోధన చేస్తోంది. ఎంత ఘాటు మందు వేసినా చావని మొండి సూక్ష్మజీవుల మీద. అవి ఎక్కువగా దొరికేది మురుగులో కాబట్టి, హిందీ మాట్లాడే ఆ రైల్వే ఊరి తోర్వా పేటలో వాళ్ళ వీధివాళ్ళు దానికి 'మురుగు చదువు' అని పేరు పెట్టారు. ఆ వీధిలో ఉన్నవాళ్ళంతా రైల్వేలో రిటైరై అక్కడే ఇళ్ళు కట్టుకున్న శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా పైడిరాజుకి చురుక్కుమనేది. తిప్పికొడదామంటే, కూతురు చేసేదేమిటో అతనికీ సరిగ్గా అర్థం కాలేదు. అది గొప్ప పని అని మాత్రం కళ్ళు మూసుకుని నమ్మాడు.

ముందురోజు సాయంత్రం తనూజ ఫోన్లో చెప్పింది. "నాన్నా, మేడమ్, నేనూ వచ్చి మన ఇంటెనకాల నాలాలో నాలుగు సీసాలు నీళ్ళు పట్టుకుంటాం. బస్, అంతే. హంగామా ఏటీ వద్దు."

పాల బూతు దగ్గర శంకరరావు ఎదురుపడకుండా ఉంటే హంగామా ఉండేది కాదు. శంకరరావు రిటైరైన రైలు గార్డు, వీధి కమిటీకి సెక్రటరీ. చొక్కాకి పైగుండీ పెట్టుకోకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు.

"ఏటి పైడిరాజూ, నాలుగు పేకెట్లు కొన్నావు? సుట్టాలొస్తన్నారా?"

"సుట్టాలు కాదు గార్డుగారూ. మా తనూజ వాళ్ళ పెద్ద మేడమ్ వస్తన్నారు. మన నాలా నీళ్ళు తీసి టెస్టు సేస్తారట."

శంకరరావు చేతిలో పేకెట్టు జారినంత పనయింది. పైనుంచి ఎవరో వస్తున్నారు, వచ్చి పరీక్ష చేస్తారు అన్న మాట చెవిన పడితే రైల్వేలో బతికిన ఒళ్ళు ఏం చేస్తుందో, రిటైరై పన్నెండేళ్ళయినా అదే చేస్తుంది.

"టైమెంత?"

"తొమ్మిదికి."

"మూడు గంటలున్నాది. సరిపోద్ది. నువ్వెళ్ళు, నాను సూసుకుంటాను."

అక్కడ పైడిరాజు "అబ్బే, వద్దండీ" అని ఒక్క ముక్క అని ఉండాల్సింది. కానీ మురుగు చదువన్న నోళ్ళే ఇప్పుడు తన కూతురు కోసం చీపుళ్ళు పట్టబోతున్నాయి. ఏ తండ్రి వద్దంటాడు? పైగా ఆ నాలాని ఉన్నదున్నట్టు చూస్తే మేడమ్ తన పిల్ల ఎలాంటి చోటునుంచి వచ్చిందనుకుంటుంది? అతను ఇంటికెళ్ళి పాలు వంటగట్టు మీద పెట్టి, తనూ ఓ చీపురు అందుకున్నాడు.

మాట చిలికి చిలికి గాలివాన అయింది. ఆరున్నరకి మేడమ్ ఢిల్లీ నుంచి వస్తోంది. ఏడింటికి ఆవిడ సంతకం పెడితే వీధికి సిమెంటు రోడ్డు పడుతుంది. ఏడున్నరకి, శుభ్రంగా ఉన్న నాలాకి బహుమతి కూడా ఉందట. కరోనా నాటినుంచి కమిటీ గదిలో మూలుగుతున్న రెండు బస్తాల బ్లీచింగు పౌడరు బయటికొచ్చింది. ఇంటికో ఫినాయిలు సీసా చొప్పున ఆడవాళ్ళు తెచ్చి ఒంపారు. ఊరి చివర తిఫ్రాలో ట్రాన్స్‌పోర్టు వ్యాపారం చేసే గిరిబాబు పైడిరాజు మీద అభిమానం కొద్దీ నీళ్ళ టేంకరే పట్టుకొచ్చాడు.

"మాఁవా, పైపు ఎటు తిప్పమంటావు?" అని అరిచాడు.

"ఇదిగో, ఇక్కడ. మా ఇంటెనకాల. మా తనూజ గుంట నీళ్ళు పట్టీది ఇక్కడే!" అని పైడిరాజు దగ్గరుండి కొట్టించాడు.

పైడిరాజు భార్య కనకానికి మాత్రం మొదటినుంచీ మనసులో పీకుతూనే ఉంది. "ఏటండీ, అది హంగామా వద్దన్నాది కదా?"

"అది అలగే అంటాది. పదో క్లాసు ఫస్టొచ్చినప్పుడూ అలగే అన్నాది. మనం స్వీట్లు పంచలేదేటి?"

ఆ జవాబు విని కనకం నాలా గట్టుమీద ముగ్గు మొదలుపెట్టింది. ఎనిమిదీ ముప్పావుకల్లా గట్టుకి సున్నం, రెండు పక్కలా బంతి కుండీలు, మలుపు దగ్గర కల్వర్టు మీద 'హార్దిక్ స్వాగత్' అని ఎవరి పెళ్ళిదో బేనరు. నాలా అడుగున సిమెంటు కనిపించింది. అందులో సిమెంటు ఉందన్న సంగతే ఆ వీధిలో చాలామందికి అప్పటిదాకా తెలియదు.

తొమ్మిదికి తనూజ స్కూటీ నాలా గట్టు వైపు మళ్ళింది. వెనక ప్రొఫెసరు హైమావతి, ఆవిడ ఒళ్ళో ఐసు డబ్బా. బ్లీచింగు వాసన తగలగానే స్కూటీ ఒక్కసారి తడబడి ఆగింది. తనూజ హెల్మెట్ తీసి, పూలకుండీలని చూసింది. ముగ్గుని చూసింది. ఆఖరికి నాలాలోకి చూసింది.

"నాన్నా, యే క్యా హై? ఏటిది?"

"నాలా అమ్మా."

"ఏటి పోశారు ఇందులో?"

శంకరరావు ముందుకొచ్చి సెల్యూట్ చేశాడు. "మేడమ్, బ్లీచింగు రెండు బస్తాలు, ఫినాయిలు పదకొండు సీసాలు, టేంకరు నీళ్ళు. ఇందులో ఒక్క పురుగు బతికున్నాదంటే నా పేరు మార్సుకుంటాను."

తనూజ బంతి కుండీ పక్కన అలాగే కూలబడింది. "నాకు కావల్సింది ఆ పురుగే అంకుల్" అంది. పైడిరాజు చేతిలో చీపురు కింద పెట్టేశాడు. మందలించినా బాగుండేది. ఆ పిల్ల ఎవర్నీ ఏమీ అనకుండా ఖాళీ సీసాలని సంచిలోకి తిరిగి సర్దుకుంటోంది.

విషయం హైమావతి చెప్పింది. రెండేళ్ళ కిందట ఈ నాలాలోనే తనూజకి ఒక సూక్ష్మజీవి దొరికింది. దాని ఒంట్లో ఒక కొత్త రకం ప్రోటీన్ ఉంది. పోయిన వేసవిలో రెండు రోజులు కరెంటు పోయి, లేబులో దాచినదంతా పాడైంది. అప్పటినుంచి మూడుసార్లు వెతికినా దొరకలేదు. ఎండలు ముదిరే ముందు, నీళ్ళు తగ్గి చిక్కబడ్డప్పుడే దొరుకుతుందని తనూజే లెక్కకట్టి చెప్పింది. ఫెలోషిప్ ఇంకా నాలుగు నెలలే. దొరక్కపోతే ఐదేళ్ళ పనికి రుజువు ఉండదు.

"అంత ముఖ్యమైనదేటమ్మా అది?" అడిగాడు పైడిరాజు.

తనూజ కళ్ళు తుడుచుకుంది. "ఆ ప్రోటీన్ ఓ పంపు నాన్నా. మందు పురుగు ఒంట్లోకి వెళ్ళగానే ఆ పంపు పట్టుకుని బయటికి తోసేస్తుంది. అందుకే చావదు. జ్వరం తగ్గగానే మూడో రోజుకి మాత్రలు మానేసి, మిగిలినవి నాలాలో పారేస్తారు కదా. అరకొర మందుకి అలవాటుపడి, బతికినవి ఇలా మొండికేశాయి."

వీధి కమిటీ మొత్తం ఒక్కసారిగా ఆకాశంలోకి చూసింది.

పైడిరాజు మాత్రం చూడలేదు. అతను 'పంపు' దగ్గరే ఆగిపోయాడు. "పంపంటే, నిజం పంపే? తెరుసుకుని మూసుకునీదా?"

"నిజం పంపే."

"ఏపాటి ఉంటాది?"

"మిల్లీమీటరుని లక్ష ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత."

"మరి నడపడానికి కరెంటో?"

"దాని ఒంట్లోనే ఉంటుంది. అది ఎలా తెరుచుకుంటుందో బొమ్మ గీయగలిగితే, సరిగ్గా అక్కడ అడ్డంపడే మందు తయారుచెయ్యచ్చు నాన్నా. పనిచెయ్యడం మానేసిన పాత మందులు మళ్ళీ పనిచేస్తాయి. పసిపిల్లలు బతుకుతారు."

పైడిరాజు తన అరచేతుల వంక చూసుకున్నాడు. తను జీవితమంతా చేతులకి నూనె పూసుకుని, మనిషంత పంపులు విప్పి చూశాడు. ఒక్క వాషరు అటూ ఇటూ అయితే పట్టుకోవడానికి పూట పట్టేది. ఈ పిల్ల కంటికి కనపడని ప్రాణిలో కంటికి కనపడని పంపుని పట్టుకుని, దాని లోపల ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో వెతుకుతోంది. ఇంతకన్నా పెద్ద మెకానిక్కు తమ షెడ్డులోనే కాదు, దేశంలో ఏ షెడ్డులోనూ లేడనిపించి అతని కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే, అలాంటి పనిని టేంకరు పెట్టి దగ్గరుండి కడిగించింది తనేనని గుర్తొచ్చి తల వంచుకున్నాడు.

హైమావతి కల్వర్టు వైపు చూస్తూ అడిగింది. "నాలా మొత్తం కడిగారాండీ? ఎక్కడా మిగల్లేదా?"

"మొత్తం మేడమ్!" అన్నాడు శంకరరావు ఛాతీ విరిచి. "ఈ సివర్నుంచి ఆ సివరి దాకా. సుక్క మురికి కూడా లేదు."

"లేదు మేడమ్, లేదు" అని కమిటీ వంతపాడింది.

పైడిరాజు తల ఎత్తాడు. శంకరరావు వెనకనుంచి అతని చెయ్యి గట్టిగా గిల్లాడు. ఆ గిల్లుడికి అర్థం ఇద్దరికీ తెలుసు. ముప్ఫయ్యేడేళ్ళలో పైడిరాజు ఎన్ని తనిఖీలు చూశాడో లెక్కలేదు. అన్నింటికీ ఒకటే సూత్రం: ఆఫీసరు నడిచేంతమేర సున్నం, ఆఫీసరు తిరగని మలుపు గురించి మౌనం. ఆ మౌనాన్ని దాటినవాడు ఏ షెడ్డులోనూ తలెత్తుకు తిరగలేదు. శంకరరావు పాతికేళ్ళ స్నేహితుడు. ఎదురుగా కూతురు సంచి జిప్పు లాగేస్తోంది.

"అబద్దం మేడమ్" అన్నాడు పైడిరాజు.

"ఏటి పైడిరాజూ!" శంకరరావు గొంతు పీలగా పలికింది.

"సమించండి గార్డుగారూ. మలుపు దాకే కడిగాం మేడమ్. అవతల కడగలేదు. ఇయ్యాలే కాదు, నాలుగేళ్ళుగా ఎవులూ కడగలేదు. మీ కంట పడకూడదనే ఆ బేనరు అక్కడ కట్టినాం."

అతను గబగబా వెళ్ళి కల్వర్టు మీద తాళ్ళు విప్పాడు. స్వాగతం కిందికి జారింది. దాని వెనక శంకరరావు ఇంటి పెరటి పక్కగా పదడుగుల నాలా నల్లగా, చిక్కగా, బుడగలు కక్కుతూ ఉంది. గట్టున సగం సగం చింపిన మాత్రల అట్టలు. వాసనకి గిరిబాబు ముక్కు మూసుకుని టేంకరెక్కేశాడు.

హైమావతి మొహం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగింది. "అబ్బ! ఎంత బాగుందండీ!"

తనూజ అప్పటికే చేతి తొడుగులు వేసుకుంటోంది. "ఇది ఎగువ కదా నాన్నా? బ్లీచింగ్ ఇటు రాలేదు కదా?"

"నీళ్ళు ఇట్నుంచి అటే పోతాయమ్మా. ఇటు సుక్క రాలేదు. నాను పూచీ."

నాలుగు సీసాలనుకున్నది పన్నెండు పట్టింది. ఒక్కో సీసాకి మూత బిగించి ఐసు డబ్బాలో నిలబెడుతుంటే, వీధిలో అందరూ గుళ్ళో హారతి చూసినట్టు చూశారు. మురుగు చదువన్న నోళ్ళలో ఒక్కటీ పెగల్లేదు. కనకం ఉప్మా తెచ్చింది కానీ అక్కడ తినగలిగింది హైమావతి ఒక్కతే.

పంతొమ్మిదో రోజున ఫోనొచ్చింది. "దొరికింది నాన్నా. అదే పంపు. ఇదివరకటికన్నా బాగా కనిపిస్తోంది" అంది తనూజ. పైడిరాజు ఫోను కనకానికి ఇచ్చేసి, పెరట్లోకి వెళ్ళి ముక్కు చీదుకుని వచ్చాడు.

తనిఖీ రోజునుంచీ పైడిరాజుతో మాట్లాడని శంకరరావు ఆ సాయంత్రం తనే వచ్చాడు. "మా పెరట్లోదేనట కదా!" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మర్నాటినుంచి ఎవరికి జ్వరమొచ్చినా ఆయనే ఇంటికెళ్ళి, మాత్రల కోర్సు పూర్తయ్యేదాకా అట్టలు చూపించమంటున్నాడు. నాలుగేళ్ళుగా జాడలేని మునిసిపాలిటీ సఫాయీ వాళ్ళు, బహుమతి మాట ఎక్కడ విన్నారో, ఆ వారమే చీపుళ్ళతో దిగారు. మేడమ్ కాగితం లేందే ముట్టుకోవద్దని శంకరరావు గుమ్మంలోనే ఆపేశాడు.

ఇప్పుడు తోర్వాలో ఆ వీధి అద్దంలా ఉంటుంది. మలుపు అవతలి పదడుగుల్లో చీపురు ఆనించాలంటే మాత్రం శంకరరావు దగ్గర పాసు తీసుకోవాలి.