పది గంటల్లోపు మూడడుగులు

పది గంటలకు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆ లోపల, పద్నాలుగు నెలల కొడుకు చేత వాళ్లమ్మ కళ్లముందు మూడడుగులు వేయించాలి. ఆ సోమవారం లేస్తూనే టైలరు వేసుకున్న పథకం ఇంతే. పెద్ద కష్టమనిపించలేదు. ఎందుకంటే గుండుగాడు నడవగలడని అతనికి పదమూడు రోజుల కిందటే తెలుసు.

ఆ రోజు మంగళవారం. వాడు కుట్టుమిషను వదిలేసి, కత్తిరింపు బల్ల దాకా తప్పటడుగులు వేసుకుంటూ వచ్చేశాడు. టైలరు గంతేయబోయి ఆగిపోయాడు. అతని భార్య బస్టాండులో టికెట్ల కౌంటరులో పనిచేస్తుంది. పొద్దున ఎనిమిదికి వెళ్తే మళ్లీ సాయంత్రం ఆరుకే రావడం. వాడికి మొదటి పన్ను ఆమె లేనప్పుడే వచ్చింది. మొదటిసారి "అమ్మ" అన్నదీ ఆమె లేనప్పుడే, అదీ మిషనును చూసి. రెండుసార్లూ ఆమె "అలాగా, మంచిదే" అని నవ్వి, స్నానాలగదిలోకి వెళ్లి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది. మొదటి అడుగైనా ఆమెకే దక్కాలని టైలరు తనలో తనే ఒట్టు పెట్టుకున్నాడు. అప్పట్నుంచి వాడు లేచి నిలబడితే చాలు, "కూర్చో నాన్నా, కూర్చో" అని కూర్చోబెట్టేస్తున్నాడు. తీరా మొన్న ఆదివారం ఆమె ముందు నడిపిద్దామంటే వాడు కదిలితే ఒట్టు.

ఈలోగా ఆమె దిగులు పెరిగింది. ఎదురింటి మందుల షాపాయన కూతురు పదకొండో నెలకే నడిచింది. గుండుగాడి ఎదుగుదల కార్డులో "మొదటి అడుగు: తేదీ, చూసినవారు" అన్న గడి ఇంకా ఖాళీ. ఆమె ఆ గడికేసి రోజూ చూసి చూసి, చివరికి సెలవు పెట్టి డాక్టరు దగ్గర టైం తీసుకుంది.

"ఇంకొన్నాళ్లు చూద్దామే," అన్నాడు టైలరు.

"మీకు తెలీదండీ," అంది ఆమె, ఇంకేదో చెప్పబోయి మింగేసినట్టు.

టైలరు కొలతల టేపు ఆడిస్తూ మోకాళ్ల మీద కూర్చున్నాడు. "రారా గుండూ! రా!" గుండుగాడు బల్ల పట్టుకుని లేచాడు. తండ్రి ముఖం చూశాడు. బుద్ధిగా చతికిలబడ్డాడు.

"అంత గొంతు చించుకున్నా రాడే! వినపడుతోందంటారా వీడికి?" అంది భార్య. డాక్టరుకు చెప్పాల్సినవి రాసుకున్న చీటీలో "కాళ్లు" కింద "చెవులు" చేరింది.

టైలరు కంగారుగా ఎర్రదారం ఉండ దొర్లించాడు. వాడు దాన్ని చూడనే లేదు. వంటింటి గుమ్మంలో, వాళ్లతోనే ఉంటున్న అత్తగారు తాళాల గుత్తి గలగలలాడిస్తోంది. "ఇటు రా నాన్నా, ఒక్క అడుగు!" ఆవిడకెందుకింత తాపత్రయమో టైలరుకు అంతు పట్టలేదు. గుండుగాడు ఆవిణ్ణి చూసి లేచాడు, మరుక్షణం కూలబడ్డాడు. చీటీలో "చూపు" కూడా ఎక్కింది.

"నడకంటే ఏంటో చూపిస్తా ఉండండి," అని టైలరు నేలమీద చతికిలబడి, లేచి, అడుగేశాడు. కాలికి టేపు చుట్టుకుంది. పట్టుకోబోయిన బల్ల మీదినుంచి స్కూలు యూనిఫారాలు, వాటి మీద గుండీల డబ్బా, అన్నిటికంటే కింద టైలరు. గది నిండా గుండీలు. గుండుగాడు పడీ పడీ నవ్వి చప్పట్లు కొట్టాడు.

"నాన్న పడితే నవ్వుతాడేంటే అమ్మా?"

"అందులో రోగమేముందే, వాళ్ల తాతా అంతే," అంది అత్తగారు. అయినా చీటీలో "బుర్ర?" అని చేరిపోయింది.

బయల్దేరేముందు భార్య అరలోంచి ఎర్రబూట్ల పెట్టె తీసింది. వాడు పుట్టకముందే వాళ్ల తాత కొన్న బూట్లవి. వాటితో మనవడు నడిస్తే చూడాలన్నారు. వాడు బోర్లా పడకముందే ఆయన వెళ్లిపోయారు.

"ఒట్టికాళ్లతో చూపిస్తే సరిపోదటే?" అని అత్తగారు అడ్డం పడింది. కానీ వినేవాళ్లెవరు?

డాక్టరమ్మ చీటీ చదివింది. "కాళ్లు, చెవులు, చూపు, బుర్ర. ఇంకేమైనా మిగిలిందా అమ్మా?" అన్నీ పరీక్షించింది. అన్నీ దివ్యంగా ఉన్నాయి. బూట్లు తొడిగి దింపితే గుండుగాడు నిలబడ్డాడు, వరసగా ముగ్గురి ముఖాలూ చూశాడు, ఠక్కున కూర్చున్నాడు. కూర్చున్నప్పుడు బూట్ల అడుగులు డాక్టరమ్మ కంటబడ్డాయి.

"ఇవి కొత్తవన్నారు కదా?"

"అవునండీ, వాడికి వేయడం ఇదే మొదలు."

"మరి అడుగున ఈ నీలం సుద్ద ఎక్కడిది?"

టైలరు బట్టల మీద గీతలు గీసేది ఆ సుద్దతోనే. భార్య అతనికేసి చూసింది.

"నాకేం తెలీదు! నా దగ్గర వాడు ఒట్టికాళ్లతోనే నడిచాడు!" అనేసి టైలరు నాలుక కరుచుకున్నాడు.

"నడిచాడా? ఎప్పుడు?"

"పదమూడు రోజులైంది. మంగళవారం. ముందు నువ్వు చూడాలని..."

"బూట్లు నేను వేశానే," అంది అత్తగారు నేలచూపులు చూస్తూ. "ఆ గురువారం, అల్లుడుగారు గుండీలకోసం బజారుకెళ్లినప్పుడు. మిషను గదిలో మీ నాన్న ఫొటో ముందు నాలుగడుగులు వేయించాను. తర్వాత తుడిచి పెట్టేశాను. అడుగు చూసుకోలేదు. కన్నతల్లి చూడకముందే నేను చూశానని చెప్పడానికి నోరు రాలేదు. అప్పట్నుంచి వాడు లేచినప్పుడల్లా కూర్చోబెడుతున్నా."

"మీరు కూడానా అత్తయ్యా!"

భార్య కుర్చీలో కూలబడింది. "ఆదివారం," అంది చిన్నగా.

"ఏ ఆదివారం?"

"మీ మంగళవారానికి ముందుది. మీరు స్నానంలో ఉన్నారు. మంచం దగ్గర్నుంచి తలుపు దాకా వచ్చాడు. వారమంతా తినిపించి, ముక్కు తుడిచి సాకేది మీరు. ఇంట్లో ఉన్న ఒక్కరోజూ నేనే చూసేశానంటే మీకెలా ఉంటుంది? మీకూ కనపడనీ, అప్పుడు చెబుదామనుకున్నా. మీరిద్దరూ ఒక్క ముక్కా అనరే! ఒకసారి నడిచి ఆగిపోయాడనుకున్నా. ఎవరితో చెప్పుకోను?"

"అయితే ఆ రోజు కుళాయి తిప్పలేదన్నమాట," అన్నాడు టైలరు.

"ఎందుకు తిప్పుతాను?" అంది ఆమె, కళ్లు తుడుచుకుని నవ్వుతూ.

"వాడికేం లేదు," అంది డాక్టరమ్మ. "మీరు చూస్తుంటే కూర్చోవాలని నేర్పారు, నేర్చుకున్నాడు. ముగ్గురూ గోడకేసి తిరగండి."

ఇంటిపని చేయని పిల్లల్లా ముగ్గురూ గోడకేసి నిలబడ్డారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత వెనక, రెండు వేళ్లు పెద్దవైన బూట్ల చప్పుడు. టక్. టక్, టక్. అత్తగారు కళ్లు మూసుకుని వింది. భార్య చెయ్యి టైలరు చేతిని వెతుక్కుంది.

"తిరగొచ్చా డాక్టరుగారూ?"

"కదలకండి! ఏడోది వేస్తున్నాడు."

ఇప్పుడు గుండుగాడు వీధి చివరిదాకా పరుగెడతాడు. ముగ్గురూ వాడి వెనకే. కార్డులో మాత్రం "మొదటి అడుగు చూసినవారు" అన్నచోట ఈనాటికీ డాక్టరమ్మ సంతకమే ఉంది.