మంత్రిగారి విశాలమైన కారు

"ఈ క్షణం నుంచి నా జీవితం గాలికి అంకితం" అని మంత్రిగారు ప్రకటించారు.

మంత్రిగారి చేతిలో రెండు శాఖలున్నాయి. ఒకటి రవాణా, రెండోది పర్యావరణం. పొగ వదిలే శాఖా, ఆ పొగ గురించి బాధపడే శాఖా ఒకరి కిందే ఉండటం వల్ల ఫైళ్ళు తిరగాల్సిన దూరం బాగా తగ్గింది. నేను వారి ప్రచార విభాగంలో పత్రికా ప్రకటనలు రాస్తాను. వారేం చేసినా దగ్గరుండి చూడటం, చూసినదాన్ని కాస్త బాగుచేసి పేపర్లకు పంపడం నా ఉద్యోగం.

ప్రకటన వారి ఇంటి పోర్టికోలో జరిగింది. వెనక తొమ్మిది కార్లు ఇంజన్లు ఆపకుండా వరసగా నిలబడి ఉన్నాయి. వారు వచ్చి కూర్చునేసరికి సీటు చల్లగా ఉండాలి కదా. అలా నిలబడే వారు గంటసేపు వాయు కాలుష్యం మీద మాట్లాడారు. మధ్యలో దగ్గు తెర వచ్చింది. కళ్ళు మండి నీళ్ళు కారాయి. "చెమర్చిన కళ్ళతో, గద్గద స్వరంతో" అని రాసుకున్నాను.

"తొమ్మిది కార్లూ వదిలేస్తున్నాను. నాకు ఒక్కటి చాలు. విశాలంగా ఉండాలి. తక్కువ తాగాలి. గాలికి హాని చెయ్యకూడదు" అన్నారు.

తక్కువ తాగాలి అన్నప్పుడు ఎందుకో అందరూ వారి బావమరిది వైపు చూశారు.

"చారిత్రాత్మకం" అని మైకు అరిచాడు. మైకు అంటే మనిషే. పార్టీ కార్యకర్త. ఆ పరికరం అవసరం లేని గొంతు కాబట్టి ఆ పేరు స్థిరపడింది.

కారు ఎంపికకు కమిటీ వేశారు. అధ్యక్షుడు బావమరిదిగారే. ప్రకృతితో ఆయనకున్న దగ్గర పరిచయం ఇంకెవరికీ లేదు. ఇప్పటికి మూడు కార్లను చెట్ల మీదికీ, ఒకదాన్ని చెరువులోకీ నడిపారు. సభ్యులు మంత్రిగారి పి.ఎ., మైకు, శాఖ నుంచి ఒక ఇంజనీరు. ఈ ఇంజనీరు బదిలీ మీద కొత్తగా వచ్చాడు. అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు అతనికింకా పోలేదు.

శాఖ ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో కార్లను పరీక్షకు నిలబెట్టారు. మొదటిది చిన్న బ్యాటరీ కారు.

"పొగ రాదండీ. ఖర్చు కూడా తక్కువ" అన్నాడు ఇంజనీరు.

మంత్రిగారు ఎక్కారు. వారు ఎక్కాక తలుపు పడలేదు. పి.ఎ. భుజం ఆనించి నెట్టాడు. ఈ తలుపు పడింది, అవతలి తలుపు తెరుచుకుంది. మైకు పరిగెత్తుకెళ్ళి దాన్ని మూశాడు. ఇది తెరుచుకుంది. వాళ్ళిద్దరూ పట్టుదల గల మనుషులు. కాసేపటికి కారు పిట్ట రెక్కలు కొట్టుకున్నట్టు తలుపులు కొట్టుకోసాగింది. ఇది ఎగురుతుందా అని ఒక విలేఖరి నన్ను అడిగాడు. పరిశీలనలో ఉందన్నాను.

"విశాలం చాలదు" అని మంత్రిగారు లోపలి నుంచే తీర్పు చెప్పారు. వారిని బయటికి తియ్యడానికి నలుగురు పట్టారు.

రెండోది ఏనుగంత పెట్రోలు కారు. ఇందులో మంత్రిగారు పడుకున్నా ఇంకొకరు కూర్చోవచ్చు. ఇక మైలేజీ చూడాలి. వారు ఎక్కడమే తరువాయి, మైకు వెంట వచ్చిన కార్యకర్తలు భక్తి పట్టలేక కారును వెనకనుంచి తోశారు. తోసుకుంటూ ఊరి చివరి దాకా తీసుకెళ్ళి, మళ్ళీ తోసుకుంటూ తెచ్చారు. బావమరిదిగారు వంగి పెట్రోలు ముల్లు చూశారు. ఎక్కడున్నది అక్కడే ఉంది.

"ఒక్క చుక్క తాగలేదు బావగారూ."

"ఇంజను స్టార్టు చెయ్యలేదండీ" అన్నాడు ఇంజనీరు.

"నేననేదీ అదే. స్టార్టు చెయ్యకుండానే ఇంత బాగా పోతోందంటే, చేస్తే ఇంకెలా ఉంటుందో చూడు."

"చేస్తే లీటరుకి నాలుగు కిలోమీటర్లు కూడా రాదండీ."

మంత్రిగారు అప్పుడు ఇంజనీరు వైపు తిరిగారు. "అది కాదు, ఇది కాదంటావు. మరి ఏదవునో నువ్వే చెప్పవయ్యా."

అడిగారు కాబట్టి అతను చెప్పాడు. "మీరు పెట్టిన మూడు షరతులకూ సరిపోయేది ఒకటే ఉందండీ. యాభై మందికి చోటు, మనిషికి లెక్కేస్తే ఖర్చు అణువంత, పొగ అసలే లేదు. మన బ్యాటరీ బస్సు."

పి.ఎ. నవ్వాడు. మంత్రిగారు నవ్వలేదు. పి.ఎ. నవ్వడం ఆపి, ఎవరో నవ్వినట్టున్నారే అన్నట్టు వెనక్కి చూశాడు.

"బస్సు కారవుతుందా?" అన్నారు మంత్రిగారు, ఆలోచిస్తూ.

"పెద్ద కారు అనుకుంటే కారే బావగారూ. అనుకోవడంలోనే ఉంది" అన్నారు బావమరిదిగారు.

సాయంత్రానికి జీవో వచ్చింది. "ఈ ఉత్తర్వు నిమిత్తము కారు అనగా చక్రములు కలిగి, మంత్రిగారు ఎక్కునది." ఇంత క్లుప్తమైన నిర్వచనం ఆటోమొబైల్ రంగంలో ఇంతవరకు రాలేదని నా అభిప్రాయం.

ఊళ్ళో బ్యాటరీ బస్సు ఒకటే ఉంది. కొత్తది తెప్పిద్దామన్నాడు ఇంజనీరు. కొత్త బండి తయారు చెయ్యడమంటే ఎంత ఇనుము, ఎంత కరెంటు, ఎంత పాపమని మంత్రిగారు ప్రశ్నించారు. ఉన్నదాన్నే వాడుకోవాలన్నారు.

"అది ఊరవతలి కాలనీకి తిరిగే ఏకైక బస్సండీ" అన్నాడు ఇంజనీరు. "పోనీ దాని బదులు డిపోలో ఉన్న పాత డీజిల్ బస్సు పంపిద్దామా?"

మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. "ఆ పొగబండినా? నా ప్రజల మీదికా? నా బొందిలో ప్రాణముండగా ఒప్పుకోను."

ఆ విధంగా మా కాలనీ పొగ బారిన పడకుండా తప్పించుకుంది. మా కాలనీ అని ఎందుకన్నానంటే, నేనుండేది అక్కడే. ఆ బస్సు మా వీధి చివర బయలుదేరి పెద్దాసుపత్రి దాకా వెళ్ళేది. నా భార్య ఆ ఆసుపత్రిలో నర్సు, పిల్లల వార్డులో.

"మా బస్సు మీద మీ మంత్రిగారి కన్ను ఎలా పడింది?" అని ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అడిగింది.

"అది బస్సు కాదు, కారు. జీవో వచ్చింది."

"రేపు నేను ఆసుపత్రికి ఎలా పోవాలి?"

"నడక ఆరోగ్యానికి మంచిది."

"ఆసుపత్రిలో పనిచేసేది నేను. ఏది మంచిదో నాకు చెప్పకండి." గరిటె గిన్నెలో పెట్టింది. "తెల్లారేసరికి ఆ పిల్లలు మంచాల మీద లేచి కూర్చుని గుమ్మం వైపు చూస్తుంటారు. నేను వెళ్తేగానీ ఇంజెక్షనుకి చెయ్యివ్వరు. ఆలస్యమైతే ఆ వార్డు నుంచి తీసేస్తానని మేట్రన్ ఎప్పటినుంచో అంటోంది."

"ఒక నాయకుడు ఇంత త్యాగం చేస్తుంటే మనం ఆమాత్రం..."

"పప్పు వేసుకుంటారా, మంత్రిగారికి పంపిద్దామా?"

వేసుకున్నాను.

మర్నాటి నుంచి తను నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది. నేను మాత్రం ప్రచార విభాగం కాబట్టి బస్సులోనే వెళ్ళాలి. క్షమించాలి, కారులో. దీని మీద మా ఇంట్లో చర్చ జరగలేదు. మా ఇంట్లో కొన్నాళ్ళపాటు ఏ చర్చా జరగలేదు.

బస్సును మంత్రిగారికి తగ్గట్టు మార్చారు. సీట్లు పీకేసి సోఫా, మంచం, సమావేశాల బల్ల వేశారు. చేతులు కడుక్కునే చోటు, అద్దం వచ్చాయి. బావమరిదిగారికి విడిగా చిన్న గది వచ్చింది. అన్నీ అమిరాక చూస్తే బండిలో అయిదుగురికే చోటు మిగిలింది. మిగతా సిబ్బందిని ఎక్కడ పెట్టాలో తెలియక పాత తొమ్మిది కార్లలో వెనక రమ్మన్నారు. ఇప్పుడు మనిషికి ఎంత ఖర్చు పడుతోందో ఇంజనీరు ఎవరూ అడక్కుండానే లెక్కగట్టి చెప్పాడు. అతన్ని లైట్‌హౌసుల శాఖకు పంపారు. మా ఊరికి సముద్రం లేదు. అతను ఎక్కడికి వెళ్ళాడో ఎవరికీ తెలియదు.

తొలి ప్రయాణం కన్నులపండుగగా జరిగింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించి సోఫాలో కూర్చున్నారు. చప్పుడు లేకుండా బస్సు కదిలింది. వెనక తొమ్మిది కార్లు ఆ లోటు తీర్చాయి. డ్రైవరు మాత్రం పాతవాడే. చెయ్యి తిరిగినవాడు, కాలు మాత్రం పాత లైనుకు అలవాటు పడ్డది. మొదటి స్టాపు రాగానే బ్రేకు తొక్కి, మీట నొక్కి తలుపు తెరిచాడు. కూరల బుట్టతో ఒక ముసలమ్మ ఎక్కింది.

చుట్టూ చూసింది. సీట్లు లేవు. తిన్నగా వచ్చి, "కాస్త జరుగు నాయనా" అంది.

మంత్రిగారు జరిగారు. పదవిలోకి వచ్చాక వారు జరగడం అదే మొదలు.

"మార్కెట్టు దగ్గర దింపెయ్" అని బావమరిదిగారి చేతిలో చిల్లర పెట్టింది. ఆయన ఆ చిల్లర వంకా, ముసలమ్మ వంకా చూసి, ఏం చెయ్యాలో తోచక ఒక విజిటింగ్ కార్డు చింపి ఇచ్చారు.

"నేనెవరో తెలుసా అమ్మా?" అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా.

"తెలియకపోవడమేం నాయనా, కాళ్ళు బారజాపుకుని కూర్చున్నావుగా. ముసలాళ్ళకు వదలాల్సిన సీటు."

ఫోటోగ్రాఫరు టపటపా ఫోటోలు తీశాడు. "సామాన్యురాలితో సమానంగా" అని నేను రాసుకున్నాను. ఫోటో అయిపోయాక భద్రతా కారణాల వల్ల ఆమెను నడిరోడ్డు మీద దింపేశారు. మార్కెట్టు ఇంకా చాలా దూరముంది. చిల్లర మాత్రం బావమరిదిగారి దగ్గరే ఉండిపోయింది. ఇకమీదట మంత్రిగారు చెబితే తప్ప ఎక్కడా బ్రేకు వెయ్యకూడదని డ్రైవరుకు పి.ఎ. రాతపూర్వకంగా ఇచ్చాడు.

ఆ తర్వాతి వారం ఊరవతల ఒక శంకుస్థాపనకు వెళ్తుంటే మంత్రిగారు కిటికీలోంచి చూసి కంగారుపడ్డారు. రోడ్డు పక్కన జనం బారులు తీరి నడుస్తున్నారు. భుజాన సంచులు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు.

"ఎవరయ్యా వీళ్ళంతా? ప్రతిపక్షమా?"

"కాదు సర్" అన్నాడు పి.ఎ. "కాలనీవాళ్ళు. పనులకు పోతున్నారు."

"నడిచా? ఎందుకూ?"

నేను నా పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాను. అప్పుడు మైకు ముందుకొచ్చి, జీవితంలో మొదటిసారి మెల్లగా అన్నాడు. "మీరు కార్లు వదిలేశారని తెలిసి సర్. వాళ్ళూ అన్నీ వదిలేశారు."

మంత్రిగారు ఆ మాట రాసుకోమని నాకు సైగ చేశారు. ఆ సాయంత్రం నా ప్రకటన శీర్షిక "ఒక్క పిలుపు, వేల అడుగులు". పేపర్లన్నీ మొదటి పేజీలో వేశాయి. రాజధాని నుంచి ఒక బృందం వచ్చి, మా కాలనీ రోడ్డు పక్కన గాలిని సీసాల్లో పట్టి పరీక్షించి, బండ్లేవీ రానందువల్ల గాలి మహా స్వచ్ఛంగా ఉందని తేల్చింది. మా కాలనీని రాష్ట్రంలోనే మొదటి స్వచ్ఛవాయు కాలనీగా ప్రకటించారు. మంత్రిగారికి పతకం ఖాయమైంది.

దీని మీద నేను రాసిన ప్రకటన ఇంట్లో చూపించాను. నా భార్య వేణ్ణీళ్ళ బకెట్టులో కాళ్ళు పెట్టుకుని చదివింది.

"బాగా రాశారు" అంది. "నిన్న మేట్రన్ పిలిచింది. ఇంకొక్కసారి ఆలస్యమైతే నన్ను స్టోర్లో కూర్చోబెడుతుందట. మందుల డబ్బాలు లెక్కపెట్టాలి. అవి ఏడవవు కదా, నాకూ సుఖమే."

తను కాళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది.

పతకం మా కాలనీలోనే ఇవ్వాలని నిర్ణయించారు. పొద్దున్నే సభ. మంత్రిగారి కారు వస్తుందని ముందురోజు మైకు వీధి వీధి తిరిగి చెప్పాడు. అయితే ఆ పచ్చరంగు బండి తెల్లవారి మా వీధి మలుపు తిరిగేసరికి జనం అర్థం చేసుకున్నది వేరు. స్టాపు దగ్గర కాలనీ అంతా ఉంది. టిఫిన్ డబ్బాలతో, బడి సంచులతో, ఇస్త్రీ బట్టలతో. బండిని చూడగానే ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చేతులెత్తారు. పిల్లలెత్తారు, ముసలాళ్ళెత్తారు. చేతులు ఖాళీ లేనివాళ్ళు గొడుగులెత్తారు.

మంత్రిగారు సోఫాలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. వారి గొంతు నిజంగానే గద్గదమైంది. కారు పొగ లేకుండా అలా కావడం నేను అప్పుడే చూశాను.

"ముప్ఫయ్యేళ్ళ రాజకీయం నాది. లారీలు పెట్టి తోలుకొచ్చినా ఇన్ని చేతులు లేవలేదు" అంటూ వారూ చెయ్యి ఎత్తి ఊపసాగారు.

బస్సు స్టాపు దాటింది. జనంలోంచి ఒక మనిషి విడివడి బండి వెంట పరిగెత్తుకొచ్చింది. తెల్ల చీర, భుజాన సంచి. ఒక చేత్తో కుచ్చెళ్ళు పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి ఊపుతూ కిటికీ పక్కకే వచ్చేసింది.

"ఆ తల్లి ఎవరయ్యా, ప్రాణాలకు తెగించి పరిగెడుతోంది?" అన్నారు మంత్రిగారు.

పి.ఎ. నా వంక చూశాడు. అతను మా ఇంట్లో రెండుసార్లు భోంచేశాడు.

"అభిమాని సర్" అన్నాను.

డ్రైవరు అద్దంలో ఆమెను చూస్తున్నాడు. "ఆపమంటారా సర్?" అని అడిగాడు.

"ఆపితే చెయ్యి దించేస్తుందయ్యా. పోనీ" అన్నారు మంత్రిగారు, చెయ్యి ఊపుతూనే. తర్వాత పి.ఎ. వైపు తిరిగి చెప్పారు. "రేపటినుంచి రోజూ ఈ టైముకే, ఈ దారినే పోదాం. ఆదివారాలు కూడా. ఎక్కడా ఆపొద్దు."

సభా వేదిక చేరేలోగా నేను ఒళ్ళో కాగితం పెట్టుకుని మర్నాటి ప్రకటన రాసేశాను. శీర్షిక కోసం పెద్దగా వెతుక్కోలేదు.

"ప్రజల కోరిక మన్నించిన మంత్రి: కాలనీకి మళ్ళీ బస్సు."