రబ్బరు వాషరు కోసం రెండు రోజుల విహారం

కాస్తెల్మోరా పురపాలక సంఘం పోయిన వసంతంలో ఒక శుభవార్త విడుదల చేసింది. పాత కోటగోడ లోపల ఇకమీదట పనికొచ్చే వస్తువు అమ్మే దుకాణం ఒక్కటి కూడా లేదనీ, చిట్టచివరి ఇనుప సామాన్ల కొట్టు కూడా మూతపడి ఆ చోట సందర్శకులకు తేనె, చీజు రుచి చూపించే పట్టణపు నలభై రెండో రుచుల మందిరం వెలిసిందనీ, ఇందుకు పౌరులందరూ గర్వించవలసిందనీ దాని సారాంశం. ప్రారంభోత్సవానికి మేయర్ ప్రొఫెసర్ బల్దస్సారే తొందెల్లి విచ్చేసి రిబ్బను కత్తిరించాడు. కత్తెర మాత్రం పక్క ఊరి నుంచి తెప్పించవలసి వచ్చింది.

అభివృద్ధి అంటే అలా ఉండాలి. సందర్శకులు శుక్రవారం వస్తారు, చెక్క పలకల మీద పేర్చిన పంది మాంసం తింటారు, తోలు సంచీ ఒకటి కొంటారు, ఆదివారం వెళ్లిపోతారు. వెళ్లే ముందు కిటికీల మధ్య ఆరేసిన బట్టల్ని ఫోటో తీసుకుంటారు. అందుకని బట్టలు తెల్లవే ఆరేయాలనీ, వెలిసిపోయిన లోదుస్తులు పట్టణ ప్రతిష్ఠకు భంగకరమనీ నివాసులకు సర్క్యులర్ అందింది. నివాసులంటే మరీ ఎక్కువమంది కాదు. నలభై ఏడుగురు.

అందులో ఎర్సీలియా పంతానీ ఒకామె. డెబ్బై మూడేళ్లు. జనన మరణాల కౌంటరులో ముప్పై ఆరేళ్లు గుమాస్తాగా చేసి రిటైరైంది. ఆమె ఉండే మేడలో ఎనిమిది వాటాలుంటే ఆరింటిని రోజువారీ అద్దెకు సందర్శకులకు ఇచ్చేశారు. మిగిలిన రెండింటిలో ఒకటి ఆమెది. ఇంకొకటి, సరిగ్గా కింది వాటా, గ్వాల్తియేరో స్ఫోర్నీ అనే రిటైర్డ్ పోస్ట్‌మాన్‌ది. భార్య పోయిన దగ్గరనుంచి, అంటే పదకొండేళ్లుగా, రోజూ పొద్దున ఏడింటికి అతను మెట్లెక్కి వచ్చి ఆమె వంటింట్లో కాఫీ తాగుతాడు. పేపర్లో చావు కబుర్లు పైకి చదువుతాడు. పోయినవాళ్ల వయసు తప్పు పడిందని ఆమె సరిదిద్దుతుంది. ఇద్దరికీ రోజు అలా మొదలైతేనే మొదలైనట్టు.

ఒక మంగళవారం స్టవ్ మీది మోకా గిన్నె, పైభాగం కిందిభాగం మర తిప్పి బిగించేది, కాఫీని మూతిలోంచి కాకుండా నడుములోంచి కక్కింది. మంట ఆరిపోయింది. విప్పి చూస్తే లోపలి రబ్బరు వాషరు మూడు ముక్కలైంది.

"ఇంకో గిన్నె కొనరాదూ?" అన్నాడు గ్వాల్తియేరో.

"ఇది మా అమ్మదయ్యా. కొత్త గిన్నెకి అల్యూమినియం వాసన పోవాలంటే మూడేళ్లు పడుతుంది. నాకు మూడేళ్లున్నాయో లేదో."

"అయితే నేను మా అమ్మాయి దగ్గరికి పోతా. గదికి రంగులు కూడా వేయించిందట. అక్కడ మీట నొక్కితే కాఫీ పడుతుంది."

"పో. ఎవరు పట్టుకున్నారు?"

కూతురి మాట అతను నవ్వుతూనే అన్నాడు. కానీ గురువారం నాటికి అతను అటక మీది సూట్‌కేసు దించి దుమ్ము దులపడం ఆమె మెట్ల మీంచి చూసింది. చూడనట్టు పైకి వచ్చేసి, సంచీ పట్టుకుని బజారుకు బయల్దేరింది.

బజారులో మోకా గిన్నెలకు కొదవ లేదు. ఒక దుకాణం అద్దాల వెనక మనిషెత్తు మోకా ఒకటి బంగారు రంగులో ధగధగలాడుతోంది. లోపలి అమ్మాయి ఎర్సీలియాను చూడగానే ఇంగ్లీషులో స్వాగతం చెప్పింది.

"నేనీ ఊరిదాన్నే తల్లీ. దీనికి వాషరు కావాలి."

"ఇవి వాడేవి కాదు సిన్యోరా, చూసుకునేవి. ఎన్నాళ్లయింది ఈ ఊరొచ్చి?"

"డెబ్బై మూడేళ్లు."

"అబ్బ! సెలవులంటే అలా ఉండాలి," అంది ఆ అమ్మాయి మనస్ఫూర్తిగా.

సాయంత్రం దాకా తిరిగింది ఎర్సీలియా. పదకొండు రకాల తేనె రుచి చూపించారు. వాషరు ఏదని అడిగితే, అది ఏ ప్రాంతపు చీజో తమకు తెలియదని ఒకచోట క్షమాపణ చెప్పారు. చివరికి కాళ్లు పీకి, చౌకులో ప్రయాణాల ఏజెన్సీ లోపల కుర్చీ కనిపిస్తే కూలబడింది. కూర్చున్నందుకు ఏదో ఒకటి అడగాలి కదా అని అడిగింది.

"రెండు రోజులు ఎక్కడికైనా వెళ్లిరావాలి. షాపింగు, తిండి. అంతే."

ఏజెంటు నోయెమి ముఖం వెలిగిపోయింది. ఊరివాళ్లు ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి.

"చాలా మంచి ఆలోచన సిన్యోరా! ఏం కొనాలనుకుంటున్నారు? తోలా, పట్టా, గాజు సామానా?"

"రబ్బరు."

"ఊఁ... మరి తినడానికి?"

"చిక్కుడు గింజల పాస్తా. గిన్నెడు పెట్టాలి. ఆ గింజలు ఏ కొండ మీద పండాయో ఎవరూ వచ్చి నాకు చెప్పకూడదు."

నోయెమి అరగంట కంప్యూటర్‌లో వెతికింది. అలాంటి విహారం ప్రపంచంలో ఎవరూ అమ్మడం లేదు. ఇక లాభం లేదని వాళ్ల అమ్మమ్మకు ఫోన్ చేసింది. ఫోను పెట్టేసి, గొంతు తగ్గించి చెప్పింది.

"రొక్కాపియానా అని ఒక ఊరుందట. బస్సులో రెండు గంటలు. కాకపోతే సిన్యోరా, చూడ్డానికి అక్కడ ఏమీ లేదట."

"రెండు టిక్కెట్లు రాయి," అంది ఎర్సీలియా.

రెండో టిక్కెట్టు ఎవరికో తెలిసి గ్వాల్తియేరో ముందు సణిగాడు. తర్వాత కాగితం, పెన్సిలు తెచ్చుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచినవాడు కనుక పథకం వీధులవారీగా వేశాడు. వాషరు ముందా, భోజనం ముందా అన్నచోట ఇద్దరికీ మాట పెరిగింది. ఆకలితో బేరమాడితే మోసపోతామని ఆమె, తిని వెళ్తే కొట్టు మూస్తారని అతను. ఆ కేకలు వీధిలోకి వినిపించాయి. మర్నాటికి నివాసులందరికీ తెలిసిపోయింది. ఒకరికి ఫ్యూజు తీగ కావాలి, ఒకరికి చెప్పుల అడుగులు, మరొకరికి ఎలుకల బోను, ఒక విశ్రాంత న్యాయమూర్తికి పాంటు బొత్తాం. చర్చి తలుపు తీయవలసిన సేవకుడు తప్ప నలభై ఆరుగురూ పేర్లిచ్చారు. నోయెమి పెద్ద బస్సు మాట్లాడింది.

బస్సును మేయర్ స్వయంగా జెండా ఊపి సాగనంపాడు.

"ప్రియమైన పౌరులారా! విహారయాత్రలకు వెళ్లే తీరిక, స్థోమత మనవాళ్లకు కలిగాయంటే ఇది ఎవరి చలవో నా నోటితో చెప్పుకోను. మీరు లేని ఈ రెండు రోజులూ మీ కిటికీల్లో పూలకు పురపాలక సంఘమే నీళ్లు పోస్తుంది. మీరు ఊళ్లో లేరన్న సంగతి ఒక్క సందర్శకుడికి కూడా తెలియనివ్వమని హామీ ఇస్తున్నాను!"

చప్పట్లు కొట్టారు. బస్సు కదిలేముందు ఆయన గ్వాల్తియేరో జేబులో ఒక చీటీ దోపాడు. పురపాలక భవనం తలుపుకు రెండు బందులు కావాలట.

రొక్కాపియానాలో నిజంగానే చూడడానికేమీ లేదు. అందరూ ఆనందంతో చూశారు. ఒత్తోరీనో బీజీ అనే ముసలాయన ఇనుప సామాన్ల కొట్టులో నేల నుంచి కప్పు దాకా సొరుగులే. ఎర్సీలియా తెచ్చిన మూడు ముక్కలను ఆయన అరచేతిలో అతికించి చూసి, నిచ్చెన ఎక్కి, ఒక సొరుగులోంచి వాషరు తీసి కౌంటరు మీద పడేశాడు.

"నలభై సెంట్లు."

"ఇంతేనా?"

"ఇంకేం కావాలి? వాయించి వినిపించాలా?"

ఎర్సీలియాకు కళ్లు చెమర్చాయి. ఎన్నాళ్లయింది, ఒక దుకాణదారు తనను విసుక్కుని! పక్కన న్యాయమూర్తి బొత్తాల డబ్బాలో చేయి పెట్టి కళ్లు మూసుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నం డెల్ఫా అనే ఆవిడ పూటకూళ్ల ఇంట్లో చిక్కుడు గింజల పాస్తా గిన్నెలు బల్ల మీద ఠపీమని పెట్టి, "ఏం చూస్తారు, చల్లారిపోతుంది, తినండి," అని కసిరింది. నలభై ఆరుగురూ కిక్కురుమనకుండా తిన్నారు.

బుధవారం ఏడింటికి మోకా మళ్లీ మూతిలోంచే పొంగింది. గ్వాల్తియేరో ఒక గుక్క తాగి, పేపరు విప్పి, "పాల్మీరో జెర్లీ, ఎనభై నాలుగు," అని చదివాడు. "ఎనభై ఆరు," అంది ఎర్సీలియా. రంగులు వేసిన గదిని అద్దెకిచ్చుకోమని అతను కూతురికి చెప్పేశాడు.

కథ ఇక్కడ ఆగితే రొక్కాపియానాకు బాగుండేది. కానీ మంచి సంగతి కడుపులో దాచుకోవడం కాస్తెల్మోరా సంప్రదాయం కాదు. ఒక్కొక్కరూ ఒక్కరికి మాత్రమే చెప్పారు. ఎర్సీలియా కూడా ఒక్క పిన్ని కూతురికే చెప్పింది. నెలకో బస్సుగా మొదలైంది వారానికొకటైంది. "నిత్యావసరాల విహారం" అని నోయెమి దానికి పేరు పెట్టింది. చుట్టుపక్కల అభివృద్ధి చెందిన పట్టణాలన్నింటినుంచీ జనం మేకులు కొనడానికి తరలివచ్చారు.

మరుసటి ఏడాది ఎర్సీలియా, గ్వాల్తియేరో మళ్లీ వెళ్లారు. ఒత్తోరీనో కొట్టు అద్దె మూడింతలై, ఆయన తప్పుకున్నాడు. సొరుగులు అలాగే ఉన్నాయి, తెరవకూడదు. మేకులు గాజు సీసాల్లో, మెడకు రిబ్బను కట్టి. వాషరు చిన్న చెక్కపెట్టెలో, దాని చరిత్ర అచ్చేసిన కాగితంతో సహా, పద్నాలుగు యూరోలు. డెల్ఫా ఇంట్లో నల్లరాతి పలక మీద ఏడు చిక్కుడు గింజలు పెట్టి, ఒక గడ్డపాయన అవి ఏ కొండ మీద పండాయో చెప్పడం మొదలుపెట్టాడు.

"ఎవరయ్యా ఈ ఊరినిలా చేసింది?" అంది ఎర్సీలియా వీధిలోకి వచ్చి.

"ఇంకెవరు, టూరిస్టులు," అన్నాడు గ్వాల్తియేరో, కొట్టు అద్దాల వెనకున్న మేకుల సీసాను ఫోటో తీస్తూ.

బస్టాపు బల్ల మీద ఆ ఊరి పెద్దామె ఒకతె కమ్మి విరిగిన గొడుగుతో కూర్చుని ఉంది. వీళ్ల సంచీలు చూసి జరిగి చోటిచ్చింది.

"నాలుగూళ్లు తిరిగేవాళ్లలా ఉన్నారు. గొడుగు బాగుచేసేవాళ్లు ఎక్కడైనా మిగిలారా అమ్మా?"

ఎర్సీలియా తల వంచుకుంది. నోయెమి అమ్మమ్మ మొన్ననే ఇంకో ఊరి పేరు చెప్పింది. చెప్పకూడదనుకుంది. గొడుగు వంక చూసింది, ఆకాశం వంక చూసింది, చివరికి ఆమె చెవిలో చెప్పింది. తన చెల్లెలికి తప్ప ఎవరికీ చెప్పనని ఆ పెద్దామె పోయిన భర్త మీద ఒట్టు వేసింది.

ఆ ఊరి పేరు ఈ కథకుడికి కూడా తెలుసు. ఇక్కడ రాయడం లేదు. మీమీద అనుమానం కాదు, మీరు మంచివారే. ఆ నలభై ఆరుగురూ మంచివారే.