పిలవని మరమ్మతు

పెద్దల్లుడు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. తోడల్లుడి కంటే ముందే మామగారింటికి వెళ్ళాలి, షెడ్డులో ఉన్న లారీ ఎడమ తలుపు అద్దాన్ని బాగుచేయాలి, ఎవరి కంటా పడకుండా వచ్చేయాలి. ఆ తర్వాత చిన్నల్లుడు తన కొత్త స్కానర్ పెట్టె మోసుకొచ్చి, మీట నొక్కగానే చక్కగా లేచే అద్దం ముందు తెల్లమొహం వేసుకుని నిలబడాలి.

ఇద్దరిదీ లారీల కరెంటు పనే. పెద్దవాడు ఒక బల్బూ రెండు వైర్లతో లోపం పట్టే రకం, చిన్నవాడు తెర మీద చదివి చెప్పే రకం. ముందురోజు బట్టలు మడతపెడుతూ భార్య, నాన్న లారీ చూడమని చెల్లెలి మొగుణ్ణి పిలిచాడని మామూలుగానే అంది. ఆ మాట రాత్రంతా అతని చెవి దగ్గర దోమలా తిరిగింది. పని పోయినందుకు కాదు. ఆ ఇంటికి మొదటి అల్లుడైన తనను లెక్కలోంచి తీసేశారేమోనని.

వరండా మేకుకున్న తాళంచెవి చప్పుడు చేయకుండా తీసుకుని లారీ ఎక్కాడు. కుడి తలుపుకి లోపలి పిడి ఎప్పుడో విరిగిపోయింది. మామగారు అద్దం దించి, చెయ్యి బయటపెట్టి తలుపు తీసుకుంటాడు. అందుకని పెద్దల్లుడు ఎడమ తలుపు వైపు చేరి, పిడి ఊడదీసి, లోపలి అట్ట విప్పాడు. తలుపుకీ బాడీకీ మధ్యనుండే రబ్బరు గొట్టంలో, మడతపడి మడతపడి రెండు వైర్లు తెగి ఉన్నాయి. జిడ్డు పట్టి రెండూ ఒకే రంగులో కనిపించాయి. బల్బు పెట్టి చూస్తే ఏది అద్దానిదో, ఏది లాకుదో తేలిపోయేది. కానీ అసూయకి ఓపిక ఉండదు కదా, చేతికందినవాటిని కలిపేశాడు.

వరండాలో మాటలు వినిపించాయి. తలుపు లాగేసుకుని మీట నొక్కాడు. అద్దం లేచింది. దానితోపాటే రెండు తలుపులూ ఠక్కున లాకయ్యాయి. సంతోషించేలోపు కాలిన వాసన వచ్చి, ఫ్యూజు పోయి, అన్నీ మూగబోయాయి. ఇక కుడి అద్దం దిగదు, ఎడమ తలుపు పిడి చూస్తే ఊడి ఒళ్ళో ఉంది.

అప్పుడైనా అద్దం కొట్టి పిలిచి ఉంటే సరిపోయేది. అతను సీటు వెనక పడక మీదికి పాకి, తెర లాక్కున్నాడు.

చిన్నల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చిన మామగారు, లారీ తలుపులు రాకపోయేసరికి వెళ్ళి మేకు చూసుకున్నాడు, తాళంచెవి లేదు. మెట్టెక్కి అద్దంలోంచి చూస్తే అది లారీలోనే ఉంది. వెంటనే తప్పు అత్తగారి మీదికి వెళ్ళింది. ఇంట్లో కదలని మొగుడితోనే వేగలేకపోతున్నానని, లారీ తాళాలతో తనకేం పనని ఆవిడ వరండాలోంచే తిప్పికొట్టింది.

చిన్నల్లుడు తలుపు సందు దగ్గర ముక్కు పెట్టాడు. "కాలిన వాసన మామయ్యా. ఎవడో పని రానివాడు వేలు పెట్టాడు."

తెర వెనక పెద్దల్లుడి ఒళ్ళు మండింది. కాదని అరవడానికి నోరు లేదు.

"ఇది నా పెట్టెకి అందేది కాదు. అన్నయ్యని పిలవండి."

"అద్దం పాటి పనికి పెద్దవాణ్ణి పిలిస్తే చిన్నతనంగా ఉంటుందేమోనని నిన్ను పిలిచాను," అన్నాడు మామగారు.

"ఆయన వైరు పట్టుకుంటే చాలు, ఎక్కడ తెగిందో చెప్పేస్తాడు. ఆయన్ని చూసి నేర్చుకోమని మా ఆవిడ రోజూ పోరు. నిజం చెప్పనా మామయ్యా, ఆయన పేరెత్తితే నాకు కడుపుమంట."

చీకట్లో పెద్దల్లుడికి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ తను ఒక్కడే మోస్తున్నాననుకున్న బరువుకి అవతలి కొస కూడా ఒకడి భుజం మీదే ఉంది. ఇంకో రెండు మాటలు వినాలనిపించింది. ఆ ఆశలో, వెలుతురు కోసం ఫోనును ముందద్దం దగ్గర నిలబెట్టిన సంగతి మరిచిపోయాడు.

చిన్నల్లుడు ఫోన్ చేశాడు. అద్దం వెనక ఫోన్ వెలిగి, గట్టిగా మోగింది. తెర తొలగింది. ఒక చేత్తో తలుపు పిడి పట్టుకుని, ఇంకో చెయ్యి ఫోనుకేసి చాస్తూ పెద్దల్లుడు బయటికి పాకాడు. ఆ మోతకి అత్తగారూ వచ్చింది, ముగ్గురూ అద్దంలోంచి చూస్తూ నిలబడ్డారు.

చిన్నల్లుడు, మర్యాదగా, అద్దానికి నోరు ఆనించి చెప్పాడు. "అన్నయ్యా, కొత్త ఫ్యూజు ఆ ఫ్యూజుల పెట్టె మూతకే ఉంటుంది."

ఆ సంగతి వాడికి తెలియడం చూసి పెద్దల్లుడికి మళ్ళీ కడుపులో చురుక్కుమంది. కలిపిన వైర్లు విడదీసి, ఫ్యూజు మార్చి, కుడి అద్దం దించి, మామగారిలాగే చెయ్యి బయటపెట్టి తలుపు తీసుకుని దిగాడు.

మామగారు అత్తగారి వైపు తిరిగాడు. "పెద్దల్లుడిలో నాకు నచ్చేది ఇదే. ఫోన్ మోగుతుండగానే వచ్చేస్తాడు."