అరవై గుర్రాలు ఉచితం

"కొల్లేటి చేప ఇకమీదట దారిలో కునుకు తీయదు!" అని రాష్ట్ర మత్స్య వేగాభివృద్ధి సంస్థ చైర్మన్ కామేశ్వరరావు గారు తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డులో ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. చేప చచ్చాకే లారీ ఎక్కుతుంది కాబట్టి కునుకు సంగతి నాకు వెంటనే బోధపడలేదు. గొప్పవాళ్ళ మాటలు వెంటనే బోధపడిపోతే వాళ్ళకీ మనకీ ఇక తేడా ఏముంటుంది?

నేను ఏలూరు బైపాస్ మీద ఒక లారీల కంపెనీ సర్వీస్ సెంటర్లో వారంటీ సెక్షన్ చూస్తాను. బండి పాడై వస్తే అది కంపెనీ తప్పా, ఓనరు తప్పా అని తేల్చి కాగితం రాయడం నా ఉద్యోగం. పదకొండేళ్ళుగా అదే కుర్చీ. ఈ చుట్టుపక్కల నా పేరు ఎవరికీ తెలియదు. అందరూ "వారంటీ గారూ" అనే పిలుస్తారు.

కామేశ్వరరావు గారి గురించి రెండు ముక్కలు చెప్పాలి. కాలేజీలో లెక్చరర్‌గా రిటైరై పార్టీలో చేరిన మనిషి. చేప ముట్టరు. వాసన కూడా పడదు. ఆయన్ని తెచ్చి చేపల సంస్థకి చైర్మన్‌గా వేశారేమిటని ప్రతిపక్షం వాళ్ళు నవ్వారు. "తినని మనిషిని వేస్తే, తిన్నాడన్న మాట రాదు" అని పార్టీ జవాబు చెప్పింది. ఇంత ముందుచూపున్న నియామకాన్ని నేను మళ్ళీ చూడలేదు.

ఆ రోజు ఆయన ప్రకటించిన పథకం పేరు 'మత్స్యవేగ'. కొల్లేరు నుంచి హౌరా వెళ్ళే చేపల లారీల ఇంజన్లకి ఇప్పుడున్న బలం రెండు వందల గుర్రాలు. కంప్యూటర్ ప్రోగ్రాం మార్చి దాన్ని రెండు వందల అరవై చేస్తారు. లారీ ఆరు గంటలు ముందే చేరుతుంది. చేప తాజాగా ఉంటుంది.

"ఈ అరవై గుర్రాలూ ప్రభుత్వం తరఫున పూర్తిగా ఉచితం!" అన్నారు ఆయన.

ముందు వరసలో కూర్చున్న ఒక రైతు లేచాడు. "మరి గుర్రాలకి దాణా ఎవరు పెడతారండీ?"

"దాణా రెండో విడతలో" అన్నారు చైర్మన్ గారు, క్షణం కూడా తడుముకోకుండా.

రెండు రోజుల తరవాత కొల్లేటికోట నుంచి సూరిబాబు, అతని భార్య గంగారత్నం నా టేబుల్ ముందుకొచ్చి నిలబడ్డారు. ఇద్దరూ పన్నెండేళ్ళు వేరేవాళ్ళ చేపల చెరువుల మీద కాపలా ఉండి, మేతలు వేసి, వలలు లాగి, చివరికి సొంతంగా ఒక లారీ కొనుక్కున్నారు. లారీ వయసు ఏడు నెలలు. దానికి వాళ్ళు పెట్టిన పేరు 'చిన్నమ్మాయి'. సర్వీసుకి తెచ్చినప్పుడల్లా గంగారత్నం బండి అద్దానికి దిష్టి తీసి మరీ లోపలికి పంపేది.

"మొదటి లబ్ధిదారుగా మా పేరు రాశారంటండీ" అన్నాడు సూరిబాబు. "సంతోషపడాలో భయపడాలో తెలీక మీ దగ్గరికొచ్చాం."

"ఎవరు రాశారు?"

"లిస్టులో పైన కొల్లేటికోట ఉంటే బాగుంటుందన్నారంటండీ. కొల్లేటికోటలో కొత్త లారీ మాదొక్కటే."

ఉన్నమాట చెప్పాను. ఇంజనుకి ఒక బుర్ర ఉంటుంది. ఎంత డీజిలు తాగాలో, ఎంత వేడెక్కాలో, అన్నీ కంపెనీ అందులో రాసిపెడుతుంది. ఆ రాత మారిస్తే, దానివల్ల పాడైన ఏ భాగానికీ కంపెనీ బాధ్యత ఉండదు. ఇంజను, టర్బో, గేరుబాక్సు, అన్నీ అందులోకే వస్తాయి.

"మిగతావాటికండీ?" అంది గంగారత్నం.

"వాటికి ఉంటుందమ్మా. వైపరు, హారను, కేబిన్‌లో ఫ్యాను... రాత మార్చడానికీ వాటికీ సంబంధం లేదు కదా."

"పోనీ, మళ్ళీ పాత రాతే రాయించి మీ దగ్గరికి తెస్తేనోనండీ?" అన్నాడు సూరిబాబు, గొంతు తగ్గించి.

"ఎప్పుడు మార్చారో, ఎన్నిసార్లు మార్చారో ఆ బుర్ర గుర్తుపెట్టుకుంటుందయ్యా. మనుషుల్లాంటిది కాదు."

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని, వద్దని చెప్పేద్దామనుకుని వెళ్ళారు. ఆ మాట చైర్మన్ గారి చెవిన పడింది. ప్రజలు వద్దన్నంతమాత్రాన మేలు చేయడం ఆపే మనిషి కాదాయన. మర్నాడే నాలుగు కార్లతో కొల్లేటికోట వెళ్ళారు. ఏం జరిగిందో గంగారత్నం తరవాత నాకు చెప్పింది.

"వారంటీ అంటే ఏమిటమ్మా?" అని అడిగారట ఆయన, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. "నమ్మకం! నీకు ఎక్కడో ఉన్న కంపెనీ మీద నమ్మకమా? ఎదురుగా ఉన్న ప్రభుత్వం మీద నమ్మకమా?"

"రెండూ ఉన్నాయండి. కంపెనీ వాళ్ళు కాగితం ఇచ్చారు."

"ఓస్, కాగితమేనా!" అని, చేయి చాపారట. పక్కన ఉన్న పి.ఎ. ఒక కార్డు అందించాడు. లామినేషన్ చేసిన కార్డు. పైన 'అభయ పత్రం' అని ఉంది. మిగతా అంతా చైర్మన్ గారి ఫొటో.

"ఇందులో ఇంజను అన్న మాట ఎక్కడుందండీ?" అంది గంగారత్నం, తిప్పి చూసి.

"అభయం అన్నాక అందులో అన్నీ ఉంటాయమ్మా. విడివిడిగా రాస్తే అభయం చిన్నదైపోతుంది."

ఊరి పెద్దలు చుట్టూ నిలబడి ఉన్నారు. అంతమంది ముందు కాదంటే బాగుండదని సూరిబాబు తల ఊపాడు.

ప్రారంభోత్సవం కొల్లేటికోటలో, చేపలు తూకం వేసే కాటా పక్కన పెట్టారు. మీరు వస్తే ధైర్యంగా ఉంటుందని సూరిబాబు పిలిస్తే నేనూ వెళ్ళాను. లారీకి పూలదండలు, అరటి పిలకలు కట్టారు. తాడేపల్లిగూడెం లారీ స్టాండులో పనిచేసే ఎలక్ట్రీషియన్ ఎలీయాజరు గారిని పిలిపించారు. నిదానస్తుడు, చేతిలో పనితనం ఉన్న మనిషి. ఆయన లాప్‌టాప్ నుంచి వైరు తీసి స్టీరింగ్ కింద గుచ్చారు. లాప్‌టాప్‌కి కూడా దండ వేశారు. అక్షరాలు కనపడక ఎలీయాజరు గారు దండ కొంచెం పక్కకి జరిపారు.

"ఇది మూడు దశల ప్రోగ్రామండి. మీటొకసారి నొక్కితే ఒక దశ పెరుగుతుంది. మనకి ఒక్క దశే చాలండి" అని ఆయన స్పష్టంగా చెప్పారు. నేను విన్నాను.

చైర్మన్ గారు మీట నొక్కారు. జనం చప్పట్లు కొట్టారు.

"సార్, ఫొటో పడలేదు సార్, ఇంకొక్కసారి" అన్నాడు పత్రిక ఫొటోగ్రాఫరు.

చైర్మన్ గారు ఇంకొక్కసారి నొక్కారు.

"అయ్యా, రెండోది ఎక్కిందండి!" అన్నారు ఎలీయాజరు గారు.

"శుభం" అన్నారు చైర్మన్ గారు.

ఈలోగా మండలం నాయకుడు ఒకాయన దుమ్ము దులుపుకుంటూ ఆలస్యంగా వచ్చాడు. తను లేని ఫొటో పేపర్లో పడితే వర్గాలున్నాయని రాస్తారని గొడవ మొదలెట్టాడు. పార్టీలో ఐకమత్యం కోసం ఇద్దరూ కలిసి వేలు పెట్టి మూడోసారి నొక్కారు.

ఎలీయాజరు గారు అడ్డం వచ్చారు. "మూడోది పందెం బళ్ళకండి! లోడు బండికి పనికిరాదండి! ఒక్క నిమిషం ఆగితే తీసేస్తానండి!"

"పందెం కాక ఇదేమిటయ్యా? హౌరా మార్కెట్టులో మనకి పోటీ లేదా?" అని చైర్మన్ గారు ఆయన్ని పక్కకి జరిపి పచ్చజెండా ఊపారు. లాప్‌టాప్ వైరు పీకేయగానే లారీ కదిలింది. శీలావతి, బొచ్చె చేపలు కలిపి పది టన్నులు, మధ్యలో ఐసు. సూరిబాబు కిటికీలోంచి నా వైపు ఒక చూపు చూశాడు. నేను చేయి ఊపాను. ఇంకేం చేయాలో నాకు తోచలేదు.

మర్నాడు పేపర్లో వార్త వచ్చింది. 'రికార్డు సమయంలో పెంటపాడు చేరిన మత్స్యవేగ తొలి లారీ.' అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. లారీ నిజంగానే రికార్డు సమయంలో పెంటపాడు చేరింది. అక్కడే ఆగిపోయింది.

ఏలూరు ఎప్పుడు దాటాడో, తాడేపల్లిగూడెం ఎప్పుడొచ్చిందో తనకే తెలియలేదన్నాడు సూరిబాబు. పెంటపాడు దగ్గర ముందు నల్లటి పొగ వచ్చింది. తరవాత ఈల వేసినట్టు ఒక చప్పుడు. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు. ఎండలో ఐసు కరగడం మొదలైంది. వేరే లారీ దొరికేసరికి సగం సరుకే మిగిలింది. మిగతా సగం వరి చేలల్లో పనిచేసే కూలీలు బకెట్లతో వచ్చి పట్టుకెళ్ళారు. "పాడయ్యేకంటే ఎవరో ఒకరు తింటారు, తీసుకోండమ్మా" అని సూరిబాబే అన్నాడట. అని, రోడ్డు పక్కన గట్టు మీద కూర్చుని, టవలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడట. ఆ ముక్క పేపర్లో రాలేదు.

బండిని తాడు కట్టి మా దగ్గరికి లాక్కొచ్చారు. ఇంజను విప్పాం. టర్బో ముక్కలైంది. రెండు పిస్టన్లు వెన్నలా కరిగాయి. నేను కాగితం రాశాను. ఇంజను: వారంటీ వర్తించదు. టర్బో: వర్తించదు. కేబిన్ ఫ్యాను రెక్క విరిగింది: వర్తిస్తుంది.

ఫ్యాను ఆ రోజే ఉచితంగా మార్చాం. సూరిబాబు కేబిన్‌లో దాని ఎదురుగా కాసేపు కూర్చున్నాడు.

"గాలి బాగా వస్తోందండి, వారంటీ గారూ" అన్నాడు.

నేను లోపలికెళ్ళి, అవసరం లేకపోయినా ఒక ఫైలు సర్దాను.

ఆ మర్నాడు చైర్మన్ గారు యాభైమందితో మా సర్వీస్ సెంటర్ ముందు ధర్నాకి దిగారు. "పేదవాడి లారీకి వారంటీ ఇవ్వని కంపెనీ డౌన్ డౌన్!" అని నినాదాలిచ్చారు. విజయవాడ నుంచి మా ఏరియా మేనేజరు హరిణి గారు వచ్చారు. చిన్న వయసు, గొంతు పెంచని మనిషి. చైర్మన్ గారిని లోపల కూర్చోబెట్టి, ఇంజను బుర్రలోంచి తీసిన కాగితం ఒకటి ముందు పెట్టారు.

"సార్, పదకొండు నలభైకి ఒకసారి మార్చారు. పదకొండు నలభై రెండుకి ఇంకోసారి. పదకొండు నలభై ఏడుకి మూడోసారి. దానివల్లే ఇంజను పోయింది."

చైర్మన్ గారు కాగితం అందుకున్నారు. ఆయన మొహం వెలిగిపోయింది. "అంటే నా ప్రారంభోత్సవం ఇంజనులో నమోదైందన్నమాట! నిమిషాలతో సహా!"

"అవును సార్. చెరిపినా పోదు."

"శిలాఫలకం కంటే నయం! నాకొక కాపీ ఇప్పించండమ్మా, ఫ్రేము కట్టిస్తాను."

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ గంగారత్నం ముందుకొచ్చింది. "నాకూ ఒకటి ఇప్పించండమ్మా. అయ్యగారు నొక్కినట్టు దాని మీద సంతకం పెడితే, మా ఇంట్లో గుర్తుగా ఉంచుకుంటాం."

చైర్మన్ గారు చదువుకున్నవారు. 'ఈ మూడు మార్పులూ నా స్వహస్తాలతో చేసితిని' అని చక్కని గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం పెట్టి, తేదీ కూడా వేశారు. ధర్నాకి వెంట వచ్చిన మండలం నాయకుడు తన వేలు కూడా ఉందని గుర్తుచేశాడు కానీ ఆయన పట్టించుకోలేదు.

గంగారత్నం ఆ కాగితానికి లామినేషన్ చేయించింది. మర్నాడు పొద్దున్నే దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఏలూరులో ఆ సంస్థ ఆఫీసుకి వెళ్ళి, చైర్మన్ గారి గది ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. కాళ్ళ దగ్గర ఒక బుట్ట. బుట్టలో ఎండుచేపలు.

"ఇదేంటమ్మా?" అన్నాడు అటెండరు.

"కానుక బాబూ. అయ్యగారు ఇంజను సంగతి తేల్చాక ఇచ్చి వెళ్తాను."

ఆమెని బయటికి పంపడానికి వీల్లేకపోయింది. మొదటి లబ్ధిదారుగా ఆమె ఫొటో ఆ గోడ మీదే నిలువెత్తున ఉంది. మొదటి రోజు చైర్మన్ గారు కిటికీలు తెరిపించారు. రెండో రోజు అగరొత్తులు వెలిగించారు. మూడో రోజు సెలవు పెట్టారు. ఆమె మానలేదు, పెద్ద బుట్ట తెచ్చింది. సంతకం ఉన్న కాగితం వచ్చేపోయేవాళ్ళందరికీ చూపిస్తూ, "అయ్యగారి దస్తూరీ ఎంత బాగుందో చూడండి" అంటోంది. నాలుగో రోజు మధ్యాహ్నానికి సంస్థ తరఫున కొత్త ఇంజను మంజూరైంది. 'మత్స్యవేగ లబ్ధిదారుకి ఇంజను కూడా ఉచితం' అని పేపర్లో వచ్చింది. ఫొటోలో చైర్మన్ గారి ముక్కుకి రుమాలు ఉంది.

కొత్త ఇంజను మేమే బిగించాం. కంపెనీ రాసిన రాతే, రెండు వందల గుర్రాలే. ఎలీయాజరు గారు ఎవరూ పిలవకుండానే వచ్చి, వైర్లన్నీ తన చేత్తో సరిచూసి, డబ్బు తీసుకోకుండా వెళ్ళారు. బండి స్టార్టవగానే గంగారత్నం బానెట్ మీద చేయి పెట్టి చూసి, అద్దానికి దిష్టి తీసింది. సూరిబాబు మెల్లగా గేటు దాటించి, ఎడమ పక్కకి సిగ్నల్ వేసి, వెళ్ళిపోయాడు.

పథకం మాత్రం ఆగలేదు. రెండో లబ్ధిదారు కోసం జంగారెడ్డిగూడెం వైపు వెతుకుతున్నారని విన్నాను. అక్కడ చేపలు లేకపోయినా పామాయిల్ గెలల లారీలున్నాయి.

మొన్న సోమవారం సంస్థవారి ప్రచార రథం మొదటి సర్వీసుకి మా దగ్గరికి వచ్చింది. అదీ మా కంపెనీ లారీయే. నాలుగు వైపులా చైర్మన్ గారి బొమ్మలు, నోరు తెరిచిన చేపలు, 'వేగమే మా ఊపిరి' అన్న అక్షరాలు. నేను ఫారం తీసి, డ్రైవరు అబ్రహాంని అడగాల్సిన ప్రశ్న అడిగాను. "ఇంజను ప్రోగ్రాం ఏమైనా మార్పించారా? దీనికీ అరవై గుర్రాలు ఎక్కించారా?"

"అమ్మో! దీని జోలికి ఎవర్నీ రానివ్వొద్దన్నారండి" అన్నాడు అబ్రహాం. డాష్‌బోర్డు అరలోంచి ప్లాస్టిక్ కవరులో ఉన్న కాగితం తీసి ఇచ్చాడు. "మీలాంటివారు అడిగితే చూపించమన్నారు."

గుండ్రటి అక్షరాలు. 'ఈ వాహనపు ఇంజను ప్రోగ్రాంను ఎట్టి పరిస్థితులలోను, ఎవ్వరును మార్చరాదు. మార్చినచో వారంటీ పోవును. కామేశ్వరరావు, చైర్మన్.'

కింద తేదీ చూశాను. తాడేపల్లిగూడెంలో పథకం ప్రకటించిన సభకి ముందురోజు.

ఫారం మీద 'వారంటీ పూర్తిగా వర్తిస్తుంది' అని రాసి, ముద్ర వేసి అబ్రహాంకి ఇచ్చాను.