మొదటి బుకింగు

ఆ రోజు పొద్దున్న శవాల వ్యాను డ్రైవరు పెట్టుకున్న పని పెద్దదేం కాదు. ఆసుపత్రివాళ్ళు చేతిలో పెట్టిన టాబ్లెట్‌లో సిమ్ము వేసి, నెట్టు వచ్చేలా చూసుకుని, వేడిగా టీ తాగి బండి తీయడం. అందులో టీ ఒక్కటే సవ్యంగా జరిగింది.

అంతకు ముందంతా కబుర్లు ఫోనులోనే వచ్చేవి. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట కన్నుమూసేవారు, మార్చురీ గుమస్తా ఫోను చేసేవాడు, మొదటి మోతకే ఈయన ఎత్తేవాడు. తిండి తింటున్నా, స్నానం చేస్తున్నా, ఒళ్ళు కాలిపోయే జ్వరంలో ఉన్నా సరే, ఆ ఫోను ఏనాడూ నోరు మూసుకున్నది లేదు. ఇప్పుడు పైవాళ్ళకి కొత్త ఆలోచన వచ్చింది. ఇకమీదట బుకింగులన్నీ టాబ్లెట్‌లోనే వస్తాయట. నెట్టు ఉన్న డ్రైవరు పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుందట. ఈ మధ్యాహ్నంలోపు చుక్క వెలగనివాడు, మొదటి బుకింగు తిప్పికొట్టినవాడు బండి తాళం గుమస్తా బల్లమీద పెట్టి ఇంటికి పోవాలట.

ఇంటికి పోయి ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. జుట్టు నెరిసిన మనిషి. ఇన్నేళ్ళూ శవాలు మోసిన చేతులు. ఆ చేతులకి పిల్లల్ని బడికి దింపే బండి ఎవరిస్తారు? పెళ్ళివాళ్ళ కారు ఎవరిస్తారు? అంతకుముందు ఒకసారి అడిగి చూశాడు కూడా. ఆ కార్ల యజమాని కుర్చీ చూపించాడు గానీ, ఈయన లేచి వచ్చాక ఆ కుర్చీని కడిగించాడు. ఆ బండి పోతే ఇక ఏదీ లేదని ఆయనకి తెలుసు.

భార్య ఆ ఆసుపత్రి లాండ్రీలోనే దుప్పట్లు మడతపెట్టే పని చేస్తుంది. ఆవిడ బయలుదేరే వేళకి ఈయన టాబ్లెట్‌ని ఒళ్ళో పెట్టుకుని ఛాతీ రుద్దుకుంటున్నాడు.

"గుండెలు పట్టేసినట్టుందే. ఈ పలక నా ప్రాణం తీసేదాకా ఊరుకునేలా లేదు."

"తీస్తే తియ్యనీలే. ముందా కంచంలోది తిని చావు," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. పాపం, ఏ రోజూ అనేదే అంది.

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో బావమరిది దిగాడు. కూడలిలో ఫోన్లకి తొడుగులు అమ్ముతాడు. పైన తొడుగు వేసేవాడికి లోపలి సంగతి తెలియకుండా ఎలా ఉంటుందని వాడి ధీమా. అక్క పిన్నీసు ఒకటి తీసుకుని టాబ్లెట్ పక్కనున్న సన్న బెజ్జంలో గుచ్చాడు. చిన్న అర బయటికి వచ్చింది. బావ ఫోను వెనక మూత ఊడదీసి సిమ్ము తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"బావా, నీ సిమ్ము పాతకాలంది, పెద్దది. దీని నోరు చిన్నది."

"అయితే?"

"అయితే కత్తెర తే."

"కత్తెరెందుకురా! అందులో నా నంబరుంది!"

"నంబరు మధ్యలో ఉంటుంది బావా. నేను కోసేది అంచులేగా."

కోశాడు. ఆపరేషను బల్ల పక్కన నిలబడ్డ చుట్టంలా డ్రైవరు మొహం తిప్పుకున్నాడు. చిన్నదైన సిమ్ము అరలో కూర్చుంది, అర లోపలికి పోయింది, తెరమీద సిగ్నల్ గీతలు లేచి నిలబడ్డాయి. బావమరిది కాలర్ ఎగరేశాడు. గీతలైతే వచ్చాయి గానీ నెట్టు రాలేదు. మొబైల్ డేటా అన్నచోట నొక్కాడు. రాలేదు. మళ్ళీ నొక్కాడు. విమానం బొమ్మ నొక్కితే ఉన్న గీతలు కూడా పోయాయి. విమానం దిగాక అవి మళ్ళీ వచ్చాయి, నెట్టు మాత్రం రానంది.

"పోనీ, తీసి నా ఫోనులో పెట్టెయ్యరా. గుమస్తాతో మాట్లాడతాను," అన్నాడు డ్రైవరు.

బావమరిది గోళ్ళు చూసుకున్నాడు. "ఇంక అందులో నిలవదు బావా. వదులైపోతుంది. ముందుకే పోవాలి మనం."

ఆ విధంగా, ఏనాడూ ఆగని ఫోను ఆ పూట ఆగిపోయింది. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

కంపెనీవాళ్ళనే అడుగుదామని, సిగ్నల్ బాగుంటుందని ఇద్దరూ మేడమీదికి ఎక్కారు. బావమరిది తన ఫోనులోంచి కలిపాడు. మీ ఫోను మాకు చాలా ముఖ్యం, దయచేసి వేచి ఉండండి అని చెప్పి అవతల ఎవరో వాయిద్యం వాయించడం మొదలుపెట్టారు. ఆ వాయిద్యం ఆగితే ఒట్టు. చివరికి ఒక అమ్మాయి పలికింది.

"ఈ నంబరులో ఎప్పుడూ డేటా వాడలేదండీ. మా వైపునుంచి తెరవాలి. ఈలోగా టాబ్లెట్ ఆపేసి ఉంచండి, లైనులో ఉండండి."

"ఉన్నామమ్మా, ఉన్నాం. ఎక్కడికి పోతాం," అన్నాడు బావమరిది. వాయిద్యం మళ్ళీ మొదలైంది.

డ్రైవరుకి ముందురాత్రి నిద్ర లేదు. దూరపు ఊళ్ళో ఒక ముసలాయన్ని దించి వచ్చాడు. చాప పరుచుకుని నడుం వాల్చాడు. ఎండ కళ్ళలో పడుతోంది, ఈగలు ముసురుతున్నాయి. దండెం మీద ఆరేసిన తెల్లదుప్పటి లాగి తలనుంచి కాళ్ళదాకా కప్పుకున్నాడు. వృత్తి అలవాటో ఏమో, ఆయన నిద్రలోనూ కాళ్ళు రెండూ జోడించి, చేతులు పక్కన పెట్టుకుని నిటారుగా పడుకుంటాడు. ఆయన తల దగ్గర బావమరిది గొంతుక్కూర్చుని, చెవిలో మోతకి తల పగిలిపోతుంటే ఒక చేత్తో నుదురు పట్టుకుని ఊగుతున్నాడు.

తర్వాత జరిగినదంతా ఆయనకి ఇంకొకరు చెప్పగా తెలిసిందే. పొద్దుటి టీ వేళకి భార్య ఫోను చేసింది, తిన్నాడో లేదో కనుక్కుందామని. స్విచ్ఛాఫ్. పొద్దున్న ఆయన ఛాతీ రుద్దుకోవడం ఆవిడకి గుర్తొచ్చింది. తమ్ముడికి చేసింది. వేరే కాల్‌లో ఉన్నాడు. మళ్ళీ చేసింది. వేరే కాల్‌లోనే ఉన్నాడు. చుట్టాలందరికీ కబురు పెడుతున్నాడు కాబోలు అనుకుంది. ఎదురింటావిడకి చేసింది.

"వదినా, ఒక్కసారి మా ఇంటివైపు చూసి చెప్పవా?"

ఎదురింటావిడ కిటికీ తెర తీసింది. "అయ్యో, అయ్యో!" అంది.

"చెప్పు వదినా!"

"ఎలా చెప్పనే... అన్నయ్యని మేడమీద పడుకోబెట్టారు. మొహం మీదికి గుడ్డ కప్పేశారు. నీ తమ్ముడు తల పట్టుకుని కూర్చున్నాడమ్మా..."

లాండ్రీ అంతా ఏకమై ఆవిడని పట్టుకుంది. తిని చావు అన్న తన మాటే తలుచుకుని ఆవిడ ఉతికిన దుప్పట్ల కుప్పమీద పడి ఏడ్చింది. డ్రైవర్ల జాబితాలో ఈయన తరవాతివాడు బక్కోడు. అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చి, "అయ్యో అన్నా! నన్నొదిలి పోయావా అన్నా!" అని గుండెలు బాదుకుని, అదే ఊపిరిలో, "తాళం ఇంట్లో ఉందా వదినా, బండిలో ఉందా?" అని అడిగాడు.

"ఆయన బండి ఆయన కోసమే రావాలి. ఇంకో బండి ఎక్కడు ఆయన," అంది భార్య.

గుమస్తా కళ్ళు తుడుచుకుంటూ, ఆ బండికే బుకింగుగా పేరు, చిరునామా, కారణం కొట్టి మీట నొక్కాడు. జాబితాలో మొదటి పేరు డ్రైవరుదే. దాని పక్కన చుక్క లేదు. యంత్రం వెతుకుతూ ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే మేడమీద వాయిద్యం ఆగింది. "అయిపోయిందండీ. ఆన్ చేసుకోండి," అంది అమ్మాయి. ఆ మాట చివరన బావమరిది ఫోనులో చార్జింగు అయిపోయింది. టాబ్లెట్ వెలిగింది. గీతల పక్కన నెట్టు గుర్తు, దాని కింద పచ్చచుక్క.

"బావా! లే బావా! వచ్చేసింది!"

డ్రైవరు ముసుగు తీసేలోపే టాబ్లెట్ గంట కొట్టింది. మొదటి బుకింగు. ఆయన కళ్ళు నులుముకుని చదివాడు. పేరు తనది. చిరునామా తనది. కారణం అన్నచోట గుండె అని ఉంది.

"ఒరే, ఇది నేనేరా."

బావమరిది చూశాడు. కింద అంకెలు తరిగిపోతున్నాయి. అవి అయిపోతే బుకింగు బక్కోడికి పోతుంది.

"నొక్కు బావా!"

"నేను బతికున్నానురా!"

"బతికుండి ఏం లాభం బావా, మొదటిది తిప్పికొడితే బండి పోదూ? ముందు నొక్కు, తరవాత చూద్దాం!"

నొక్కాడు. ఏం చేస్తాడు మరి.

"మీ అక్కకి ఫోను చెయ్యరా."

"చచ్చిపోయింది బావా."

"ఎవర్రా!"

"ఫోను బావా, ఫోను!"

ఇద్దరూ మెట్లు దూకినట్టే దిగి వ్యాను ఎక్కారు. ఎదురింటావిడ కిటికీలోంచి చూసి, తెర వేసుకుని, మళ్ళీ బయటికి రాలేదు. దారిపొడుగునా డ్రైవరు అద్దంలో వెనక ఖాళీ బల్లని చూస్తూనే నడిపాడు. ఎన్నడూ లేంది, ఆ బల్ల తన పొడుగుకి సరిపోతుందా అని ఆ పూట తోచింది. సరిపోతుందనే అనిపించింది.

ఆసుపత్రి వెనక గేటు దగ్గర అందరూ నిలబడి ఉన్నారు. వ్యాను ఆగీ ఆగకముందే భార్య వెళ్ళి వెనక తలుపు తెరిచింది. బల్లమీద ఎవరూ లేరు. తలుపు మూసింది. పక్కకి తిరిగితే ఆయన తాళం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ ఆ మొహాన్ని రెండు చేతులతో తడిమింది. వేడిగా ఉందని తెలిశాక చేతిలో ఉన్న తడిదుప్పటితో ఎడాపెడా బాదింది.

"ఫోను కట్టేస్తావా? నువ్వు! ఫోను! కట్టేస్తావా!"

"ఆగవే, టైమైపోతోంది! గుమస్తాగారూ, ఇది మూసెయ్యండి, మధ్యాహ్నం అవుతోంది!"

గుమస్తా మనిషి మంచివాడే. తన తెర ముందు కూర్చుని చూశాడు. "రద్దు చేస్తే తిప్పికొట్టినట్టే లెక్క. పూర్తయిందనాలంటే బాడీని అప్పగించినట్టు ఇంటివాళ్ళు సంతకం పెట్టాలి."

"పెడతాను, ఎక్కడ?" అంది భార్య. డ్రైవరు తన టాబ్లెట్ తనే పట్టుకుని చూపించాడు. ఆవిడ తెరమీద వేలితో సంతకం గీసింది. ట్రిప్పు పూర్తయింది. లాండ్రీవాళ్ళు చప్పట్లు కొట్టారు. బావమరిది మళ్ళీ కాలర్ ఎగరేశాడు. బక్కోడు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

చుక్క ఎర్రబడింది.

గుమస్తా తన తెరమీద ఉన్నది మెల్లగా చదివాడు. "ఈ డ్రైవరు మరణించినట్టు నమోదైంది. ఇతనికి బండి ఇవ్వరాదు."

"నేను ఇక్కడే ఉన్నాను కదండీ."

"నాకు కనిపిస్తున్నావయ్యా. దానికి కనిపించాలిగా." పెద్దాఫీసుకి ఫోను చేశాడు. ఊఁ కొట్టాడు, ఊఁ కొట్టాడు, పెట్టేశాడు. "చనిపోయారని రాయడానికి మీట ఉందట. కాదని రాయడానికి ఇంకా పెట్టలేదట. పెట్టేదాకా జాబితాలో తరవాతివాడికి తాళం ఇమ్మన్నారు."

వార్డు డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. ఆయన నాడి పట్టుకుని చూసి, "బాగానే కొట్టుకుంటోంది," అన్నాడు.

"అదే రాసివ్వండి బాబూ!"

"బతికున్నాడని రాయడానికి మా దగ్గర కాగితం లేదయ్యా. పోతే చెప్పు, నిమిషంలో ఇస్తాను."

సాయంత్రందాకా గుమస్తా గది బయట బల్లమీద కూర్చున్నారు. ఎవరూ పిలవలేదు. చీకటి పడబోతుంటే డ్రైవరు లేచి లోపలికి వెళ్ళి, తాళం తీసి గుమస్తా బల్లమీద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు. భార్య టాబ్లెట్‌ని చంకలో పెట్టుకుంది. అందులో నెట్టు ఏ ఆటంకమూ లేకుండా వస్తోంది.

ముగ్గురూ రోడ్డు వారగా నడిచారు. చాలా దూరం వచ్చాక ఆయన అన్నాడు, "నువ్వైనా చెప్పవే. నేను ఉన్నానా?"

"సంతకం పెట్టి తీసుకున్నాను. ఇంక నిన్ను వాపసు ఇచ్చేది లేదు. నడు," అంది, ముక్కు చీదుకుని.

వెనకనుంచి వ్యాను వచ్చింది. నడుపుతున్నది బక్కోడు. వాళ్ళని దాటేటప్పుడు వాడు వేగం తగ్గించి, హారన్ కొట్టకుండా, టోపీ తీసి తల వంచాడు.